పావురం గూడు, మైట్లు, పెస్ట్ కంట్రోల్: రెండు సర్వీసులు చూశాక నా రివ్యూ

ఇంట్లోకి పక్షి మైట్లు, అంటే పక్షుల రక్తం తాగి బతికే అతి చిన్న పురుగులు, వచ్చి, ఎవరిని పిలవాలో తెలియక టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేం ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరిని పిలిచాం. మొదటివాళ్లు ఇల్లంతా మందు కొట్టి వెళ్లిపోయారు. రెండోవాళ్లు మందు డబ్బా బయటికి తీయకముందే సగం పైగా పని పూర్తి చేశారు. మొదటివాళ్లకు ఐదుకి ఒక స్టార్, రెండోవాళ్లకు నాలుగు. కంపెనీల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఒకే కంపెనీలో కూడా పని తీరు వచ్చిన మనిషిని బట్టి మారిపోతుంది. ఏం చూడాలో, ఏం అడగాలో తెలిస్తే వచ్చినవాళ్లకు పని తెలుసో లేదో మీరే అంచనా వేసుకోవచ్చు.

సమస్య ఇదీ. బెడ్‌రూమ్ కిటికీ బయట ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక పావురాలు గూడు పెట్టాయి. పిల్లలు పెరిగాయి, ఎగిరిపోయాయి, గూడు ఖాళీ అయింది. సరిగ్గా ఆ తర్వాతే ఇంట్లో ఒక్కొక్కళ్లకీ మెడ మీద, నడుం చుట్టూ, చంకల దగ్గర చిన్న చిన్న ఎర్రటి పొక్కులు మొదలయ్యాయి. పగలు కాస్త ఫర్వాలేదు గానీ రాత్రయితే దురద భరించలేం. నల్లులేమో అని పరుపు తిరగేశాం, మంచం సందులన్నీ టార్చి వేసి చూశాం, ఎక్కడా ఏమీ లేదు. కిటికీ ఫ్రేమ్ మీద మాత్రం దుమ్ము కదులుతున్నట్టు కనిపించింది. తెల్ల కాగితం ఆనించి తట్టి చూస్తే మిల్లీమీటరు కూడా ఉండని చుక్కలు, కొన్ని బూడిద రంగులో, కొన్ని ముదురు ఎరుపులో, కాగితం మీద గబగబా పరుగెత్తుతున్నాయి. ఎర్రగా ఉన్నదాన్ని వేలితో నొక్కితే సన్నటి రక్తపు గీత పడింది. అది తాగిన రక్తం. కడుపు ఖాళీగా ఉన్నవి బూడిద రంగులో, తాగినవి ఎర్రగా ఉంటాయి, అంతే తేడా.

మొదటి సర్వీసుకు ఫోన్ చేసినప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే, ఇల్లు ఎంత పెద్దది అని. గూడు సంగతి నేనే చెప్పినా పట్టించుకోలేదు. వచ్చిన మనిషి కిటికీ దగ్గరికి కూడా వెళ్లకుండా హాల్లోనే నిలబడి, "మేడమ్, ఇవి మామూలు పురుగులు కావు, వీటివల్ల మెదడువాపు వస్తుంది, పిల్లలున్న ఇల్లు కదా, ఫుల్ ప్యాకేజీ తీసుకోండి" అన్నాడు. ఆ మాట విన్నాక ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. గదుల్లో ఫాగింగ్ చేశాడు, మన చెవికి వినపడని శబ్దంతో పురుగుల్ని తరిమేస్తుందంటూ సాకెట్లో పెట్టే అల్ట్రాసోనిక్ పరికరం ఒకటి అంటగట్టాడు. వెళ్లేముందు, చెప్పాం కదా అని, పొడి చీపురు తీసుకుని ఏసీ యూనిట్ మీది ఎండిన రెట్టను టపటపా కొట్టి కిందకి దులిపాడు. కిటికీ తెరిచే ఉంది. ఆ దుమ్మంతా గదిలోకి వచ్చింది. మాస్కు అతనికీ లేదు, మాకూ ఇవ్వలేదు. గూడు అక్కడే ఉంది. కొన్నాళ్లకే కొత్త పొక్కులు.

నాకు ఆ సర్వీసు మీద ఉన్న అసలు కోపం మైట్లు చావనందుకు కాదు. జబ్బు పేరు చెప్పి భయపెట్టి, నిజంగా జబ్బు తెచ్చే అవకాశం ఉన్న దుమ్మును మాత్రం మా ఊపిరితిత్తుల్లోకి పంపినందుకు.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ భయం మీదే చాలామంది వ్యాపారం నడుస్తోంది. మెదడువాపు మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 1940ల్లో అమెరికాలో సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు తెచ్చే వైరస్‌ని కోడి మైట్లలోంచి వేరుచేశారు. గుర్రాలకూ మనుషులకూ వచ్చే ఇంకో మెదడువాపు వైరస్, వెస్టర్న్ ఈక్విన్ ఎన్‌సెఫలైటిస్, అదీ పక్షుల మైట్లలో దొరికింది. దాంతో ఈ మైట్లే వైరస్‌ని పక్షుల్లో నిలబెట్టి ఉంచుతున్నాయేమో అని అప్పట్లో గట్టిగా అనుమానించారు. తర్వాత 1950ల్లో ల్యాబుల్లో పరీక్షించి చూస్తే, వైరస్ ఉన్న పక్షి రక్తం తాగిన మైట్లు దాన్ని ఇంకో పక్షికి ఎక్కించడంలో ఏమాత్రం సమర్థంగా లేవని తేలింది. ఆ జబ్బును మోసుకెళ్లేది క్యూలెక్స్ జాతి దోమలు. అంటే మైటు కడుపులో వైరస్ దొరకడం వేరు, ఆ మైటు కుట్టినందువల్ల మనిషికి జబ్బు రావడం వేరు. రక్తం తాగే ఏ పురుగునైనా పట్టుకుని పరీక్షిస్తే అది చివరిగా తాగిన రక్తంలో ఏముందో అదే కనిపిస్తుంది. ఆ క్రిమి మైటులో బతికి, పెరిగి, మళ్లీ కుట్టినప్పుడు బయటికి రావాలి. అప్పుడే అది వాహకం.

అలాగని మైట్లు జబ్బులు మోయవని అనడానికీ లేదు. ఎలుకల మీద బతికే ఒక మైటు రికెట్సియల్‌పాక్స్ అనే జ్వరాన్ని మనుషులకు తెస్తుంది, 1946లో న్యూయార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలో వరసగా వచ్చిన జ్వరాల వెనక ఉన్నది అదేనని కనిపెట్టారు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా అంతే, పొదల్లో ఉండే చిగ్గర్ మైట్ల పిల్లపురుగులు కుట్టడం వల్ల వస్తుంది. పక్షి మైట్ల విషయానికొస్తే, కోళ్ల ఫారాల్లో డెర్మానిసస్ గాల్లినే అనే ఎర్ర మైటు పెద్ద తలనొప్పి, అది సాల్మొనెల్లా బాక్టీరియాను మోయగలదని ప్రయోగాల్లో చూపించారు. పైగా కోళ్లు ఆ మైట్లను పొడుచుకు తింటాయి, అలా కూడా బాక్టీరియా కోడిలోకి చేరుతుంది. బర్డ్ ఫ్లూ వైరస్‌ని ఒక కోడి నుంచి ఇంకో కోడికి చేరవేసే వీలుందని కూడా ల్యాబులో చూశారు. కాబట్టి కోళ్లు పెంచేవాళ్లకు ఇది తీసిపారేయదగ్గ విషయం కాదు, శాస్త్రవేత్తలు దీని మీద పనిచేస్తూనే ఉన్నారు, చేయాలి కూడా. కానీ కిటికీ పక్క గూడులోంచి వచ్చిన మైటు కుట్టి ఇంట్లోవాళ్లకు మెదడువాపు వచ్చిందని ఎక్కడా రుజువు కాలేదు. ఆ మాటతో ప్యాకేజీ అమ్మడం అన్యాయం.

రెట్ట సంగతి వేరు. ఎండి పొడైన రెట్టను పీలిస్తే వచ్చే జబ్బులు రుజువైనవే. సిట్టకోసిస్ అనే బాక్టీరియా న్యుమోనియా ఉంది, పక్షుల రెట్ట పేరుకున్న చోట పెరిగే హిస్టోప్లాస్మా, క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌లు ఉన్నాయి. పావురాల దగ్గర ఏళ్ల తరబడి మెలిగేవాళ్లకు రెట్టలోని, ఈకల మీది ప్రోటీన్లు పడక ఊపిరితిత్తులు వాచిపోయి, చివరికి గట్టిపడిపోవడం కూడా డాక్టర్లు చూస్తూనే ఉంటారు. వీటిలో ఏదీ మైటు కాటుతో వచ్చేది కాదు, గాలిలో లేచిన దుమ్ముతో వచ్చేది. పొడి చీపురుతో రెట్ట దులపడం ఎంత తప్పో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక రెండో సర్వీసు. ఫోన్లోనే తేడా తెలిసిపోయింది. గూడు ఎక్కడుంది, అందులో గుడ్లు గానీ పిల్లలు గానీ ఉన్నాయా, ఖాళీ అయి ఎన్నాళ్లయింది, ఇంట్లో పిల్లులు, చేపల తొట్టి లాంటివి ఉన్నాయా, ఎవరికైనా ఆయాసం ఉందా, ఇవన్నీ అడిగారు. "అప్పటిదాకా కనిపించిన పురుగులను సెల్లో టేపుతో అంటించి, ఒక తెల్ల కాగితానికి అతికించి పెట్టండి, చేత్తో నలపకండి" అన్నారు. ఈ ఒక్క మాట చెప్పినవాళ్లు దొరికితే సగం నమ్మేయొచ్చు, ఎందుకంటే పురుగు ఏదో చూడకుండా మందు కొట్టేవాళ్లే ఎక్కువ. పొక్కులు చూసి చాలామంది నల్లులనుకుంటారు, కొందరు గజ్జి అనుకుని ఒళ్లంతా క్రీము రాసుకుంటారు. గజ్జి పురుగు చర్మం లోపల సొరంగం తవ్వుకుని ఉంటుంది, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర ఎక్కువ, మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది. పక్షి మైటు చర్మంలోకి దూరదు, కుట్టి వెళ్లిపోతుంది, మనిషి రక్తం మీద తన సంతానాన్ని పెంచుకోలేదు. మన ఒంటి మీద కాపురం పెట్టదు. ఇది తెలిసినప్పుడు మా అమ్మ ముఖంలో వచ్చిన నిశ్చింత ఇంకా గుర్తుంది, అప్పటిదాకా రోజుకు రెండుసార్లు తలస్నానం చేసేది పాపం.

వచ్చినాయన టేపు ముక్కను చిన్న చేతి మైక్రోస్కోప్ కింద పెట్టి మమ్మల్ని కూడా చూడమన్నాడు. ఎనిమిది కాళ్లు, గుడ్డు ఆకారపు ఒళ్లు, వీపు మీద ఒక పెంకులాంటి పలక, పొట్టలో నల్లటి మరక. ఆ పలక ఆకారం చూసి, ఇది డెర్మానిసస్సా లేక ఆర్నిథోనిససా అన్నది చెప్పవచ్చట. ఈ రెండు రకాలే ఇళ్లలోకి ఎక్కువ వస్తాయి. ఏ రకమన్నది తెలియడం ఎందుకంటే పని పట్టే సమయం మారుతుంది. డెర్మానిసస్ పగలంతా గూటి పుల్లల్లో, గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి పూట బయటికి వస్తుంది, గుడ్లు కూడా ఆ పగుళ్లలోనే పెడుతుంది. అనువైన వేడి, తేమ ఉంటే వారం పది రోజుల్లో గుడ్డు కాస్తా పెద్ద మైటు అయిపోతుంది, చల్లగా తేమగా ఉన్న చోట తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. ఆర్నిథోనిసస్ రకాలు ఎక్కువగా పక్షి ఒంటినే అంటిపెట్టుకుని ఉంటాయి, పక్షి దొరక్కపోతే కొన్ని రోజులకో, కొన్ని వారాలకో చచ్చిపోతాయి. మా దగ్గర దొరికింది మొదటి రకం. అందుకే పగుళ్లను వదలకూడదని, రెండోసారి కూడా రావాల్సి ఉంటుందని అప్పుడే చెప్పేశాడు.

తర్వాత చేసిన పనే ఈ సర్వీసుకు నేను నాలుగు స్టార్లు ఇవ్వడానికి కారణం. ముందు కిటికీ మూసి, లోపలి వైపు సందులకు టేపు వేశారు. ఇద్దరూ మంచి మాస్కులు, గ్లవ్స్ వేసుకుని, గూటి మీద, రెట్ట మీద సబ్బునీళ్లు పిచికారీ చేసి, బాగా నానే దాకా ఆగారు. తడిసిన రెట్ట దుమ్ము లేపదు, సబ్బునీళ్లలో మైట్లు కూడా పరుగెత్తలేవు. గూడును నెమ్మదిగా ఎత్తి సంచిలో వేసి ముడి వేశారు, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మళ్లీ ముడి వేసి వెంటనే కిందికి పంపేశారు. గూడు తీసిన చోట చూస్తే పుల్లల కింద పొరలు పొరలుగా గట్టిపడిన రెట్ట, దాని పగుళ్లలో ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్టు మైట్లు, వాటి తెల్లటి వదిలేసిన చర్మాలు. ఇంత చిన్న చోట అన్ని పురుగులు ఉంటాయని ఊహించలేదు. పిల్లలు గూట్లో ఉన్నన్నాళ్లూ వాటికి ఇంటి లోపలికి రావాల్సిన అవసరమే లేదు, పక్షి రక్తం అక్కడే దొరికేది. పక్షులు వెళ్లిపోగానే ఆకలికి వేడినీ, మనం వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నీ పట్టుకుని దగ్గర్లో ఉన్న ప్రాణి వైపు బయలుదేరతాయి. మంచం కిటికీ పక్కనే ఉంటే ఇంకేం కావాలి.

గీకి, కడిగి, ఆరాక అప్పుడు మందు. అదీ బయట వైపు ఫ్రేమ్ చుట్టూ, గోడ పగుళ్లలో మాత్రమే. గదిలో కొట్టలేదు. పెర్మెత్రిన్ లాంటి మందులు పిల్లులకు విషం, చేపలకు కూడా ప్రమాదం, అందుకే ఫోన్లో ఆ ప్రశ్నలు అడిగారని అప్పుడు తెలిసింది. లోపల మాకు అప్పగించిన పని ఏమిటంటే వ్యాక్యూమ్ క్లీనర్‌తో కిటికీ, మంచం చుట్టూ, గోడ అంచులు రోజూ పీల్చేయడం, ఆ సంచిని వెంటనే కట్టి బయట పడేయడం, తడి గుడ్డతో సబ్బునీళ్లు పెట్టి తుడవడం, దుప్పట్లు అరవై డిగ్రీల వేడినీళ్లలో ఉతకడం. మంచాన్ని గోడకు ఆనకుండా జరపమన్నారు.

ఆఖరున ఆ సందును మళ్లీ పావురాలు దూరకుండా గట్టి మెష్‌తో మూసి, అంచులకు సిలికాన్ పెట్టారు. ఏసీకి గాలి ఆడేలా ఖాళీ వదిలారు, సర్వీసు మెకానిక్ వస్తే విప్పుకునేలా స్క్రూలు పెట్టారు. ఇంత ఆలోచించి చేసినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, మొదటాయన చెప్పిన మెదడువాపు మాట అడిగితే ఈయన నవ్వేసి, "అబ్బే, వీటివల్ల ఏ రోగమూ రాదు మేడమ్" అని కొట్టిపారేశాడు. భయపెట్టడం ఎంత తప్పో ఇదీ అంత కాకపోయినా తప్పే. గీరి గీరి పుండు పడితే అందులో చీము పట్టడం మామూలు విషయం, చిన్నపిల్లల్లో మరీను. మా చిన్నవాడికి మెడ వెనక అలాగే అయింది, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. జ్వరం గానీ, దగ్గు ఆయాసం గానీ వస్తే పక్షుల గూడు సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి అన్న మాట కస్టమర్‌కు చెప్పాలి, ముఖ్యంగా రెట్ట దుమ్ము పీల్చినవాళ్లకు. ఆ సమాచారం లేకపోతే డాక్టరు మామూలు న్యుమోనియా అనుకుని సిట్టకోసిస్‌కు సరిపడని మందు రాసే వీలుంది. వాళ్లు ఇచ్చే కాగితంలో రెండు లైన్లు రాసినా సరిపోయేది.

విడిగా కొన్న వాటి గురించి కూడా చెప్తాను. డయాటమేషియస్ ఎర్త్ పొడి బాగుంది, కానీ ఎక్కడ వాడాలో తెలిసి వాడితేనే. ఇది చాలా పాత కాలం నాటి డయాటమ్‌లు అనే కంటికి కనిపించని నాచు మొక్కల సిలికా పెంకుల పొడి, మైటు ఒంటి మీదున్న మైనపు పొరను పీల్చేసి, దాన్ని ఎండబెట్టి చంపుతుంది. తడి తగిలితే పనిచేయదు, పని కూడా నిదానం. సన్నగా పగుళ్లలో మాత్రమే వేయాలి, పరుపు మీద, కార్పెట్ మీద చల్లి దులపడం మానుకోండి, పీల్చడం మంచిది కాదు. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లకు వాడేది అసలు కొనకండి, దాన్ని బాగా కాలుస్తారు కాబట్టి అందులో ఊపిరితిత్తులకు హాని చేసే క్రిస్టల్ సిలికా ఎక్కువ. కిటికీ అంచుకు రెండు వైపులా జిగురుండే టేపు వేసి పెడితే మైట్లు ఇంకా వస్తున్నాయా లేదా తెలుస్తుంది, నాకు అన్నింటికంటే పనికొచ్చింది అదే. అల్ట్రాసోనిక్ పరికరం వల్ల ఏ మార్పూ లేదు, దాని లైటు వెలుగుతూనే ఉంది, టేపుకు మైట్లు అంటుకుంటూనే ఉన్నాయి. ఫాగింగ్ పొగ పగుళ్ల లోపలికి చేరదు, గుడ్లను ఏమీ చేయలేదు, గూడు బయటే ఉన్నప్పుడు లోపల పొగ పెట్టి లాభం లేదు.

రెండో సర్వీసువాళ్లు చెప్పినట్టే మళ్లీ వచ్చారు. గుడ్లలోంచి ఆలస్యంగా బయటపడ్డవి కొన్ని టేపుకు దొరికాయి, పగుళ్లకు మరోసారి మందు పెట్టారు. ఆ తర్వాత టేపు ఖాళీ. ఇంట్లో అందరూ మళ్లీ హాయిగా నిద్రపోతున్నారు.

మీరు పిలవబోయేముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: గూట్లో ఇంకా పిల్లలు ఉంటే ఏం చేస్తారు అని. వెంటనే తీసి పారేస్తాం అని ఎవరైనా అంటే వాళ్లను వద్దనండి. ఎగరలేని పిల్లల్ని చంపడం ఒకటి, చాలా దేశాల్లో అడవి పక్షుల గూళ్లను అలా కదపడానికి చట్టం ఒప్పుకోదు. పైగా మైట్లకు ఉన్న ఆధారం ఒక్కసారిగా పోతే అవన్నీ లోపలికే వస్తాయి. మేం పిలిచిన రెండోవాళ్లు దీనికి చెప్పిన జవాబు, పిల్లలు ఎగిరేదాకా కిటికీ సందులు లోపలి నుంచి సీల్ చేసి, టేపులు పెట్టి ఆగుతాం, ఎగిరిపోయిన రోజే ఫోన్ చేయండి, మర్నాడే వచ్చి గూడు తీస్తాం అని. పావురం పిల్లలు నాలుగైదు వారాల్లో ఎగిరిపోతాయి, పిచ్చుకలైతే రెండు వారాలు చాలు. ఆ కాస్త కాలం ఆగడానికి సిద్ధపడే సర్వీసునే ఎంచుకోండి.